కాఫీ ఎవరు కలుపుతారు?

"ఆడవాళ్ళకి వేరే వ్యాయామం ఎందుకండీ? పొద్దున్న లేచింది మొదలు ఇంటిపనే బోలెడంత వ్యాయామం!"

మొన్న మా ఇంటికొచ్చిన ఓ పెద్దమనిషి, సోఫాలో కాళ్ళు బారజాపుకుని, నేనిచ్చిన కాఫీ తాగుతూ అన్నమాట ఇది. ఆయన మాత్రం రోజూ గంటసేపు పార్కులో నడిచొస్తాడు. ఆఫీసు పని ఆయనకి వ్యాయామం కాదు కాబోలు!

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎందుకంటే, ఇదే మాట మా అమ్మ నోటా విన్నాను. "నాకెందుకే నడకలూ గిడకలూ? రోజంతా తిరుగుతూనే ఉన్నాగా!" అనేది. అలా వంటింట్లోంచి పెరట్లోకీ, పెరట్లోంచి వంటింట్లోకీ తిరిగి తిరిగి, అరవై ఆరో ఏట స్నానాలగదిలో కాలు జారింది. చిన్న జారుడే. తుంటి ఎముక విరిగింది. "ఎముకలు బాగా గుల్లబారాయమ్మా" అన్నాడు డాక్టరు. ముట్లుడిగాక ఆడవాళ్ళకి ఎముకల బలం త్వరత్వరగా తగ్గుతుందిట. గబగబా నడవటం, మెట్లెక్కటం, కండరాలకి పని చెప్పే కసరత్తు చెయ్యటం ఆ తరుగుదలని నెమ్మదిపరుస్తాయి. తూలిపడకుండా కాళ్ళకి పట్టునిస్తాయి. నలభై ఏళ్ళు అందరికీ వేళకి వడ్డించిన మనిషికి ఈ సంగతి చెప్పినవాళ్ళు లేరు. ఇవాళ నాలుగడుగులు వెయ్యాలంటే ఆమెకి నా భుజం కావాలి.

ఇంటిపని తేలికని నేననను. అన్నవాళ్ళని ఓ వారం చేసి చూడమనండి! కాని అలసట వేరు, వ్యాయామం వేరు. రోకలీ, రుబ్బురోలూ, చేదబావీ పోయి మిక్సీ, గ్రైండరూ, కుళాయీ వచ్చాయి. చాలా ఇళ్ళల్లో మిగిలింది పొయ్యి ముందు గంటలతరబడి నిలబడటం. దానివల్ల నడుం నొప్పి పుడుతుంది గాని గుండె వేగం పుంజుకోదు.

వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు వేగంతో ఒళ్ళు కదలాలనీ, రెండు రోజులైనా కండరాలు బలపడే కసరత్తు చెయ్యాలనీ 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. అంటే, రోజుకో అరగంట చొప్పున అయిదు రోజులు. గుండెజబ్బు, చక్కెరజబ్బు, మనసులోని దిగులు, అన్నిటి బెడదా తగ్గుతుంది. 2022 అంచనా ప్రకారం మన దేశంలో చాలినంత కదలిక లేనివాళ్ళు మగవాళ్ళలో నూటికి 42 మందైతే, ఆడవాళ్ళలో 57 మంది! ఇంటిపనిని వదిలేసి వేసిన లెక్క కాదండీ ఇది. దాన్నీ కలుపుకునే వేశారు.

మరి మనం బద్ధకస్తులమా? కానే కాదు. నేను నడకకి బయల్దేరిన మొదటిరోజు మావారు అడిగిన ప్రశ్న ఒక్కటే. "మరి కాఫీ ఎవరు కలుపుతారు?"

అడ్డం వచ్చేది ఇదీ! మనకి లేనిది ఓపిక కాదు, మనదంటూ ఓ అరగంట. దాన్ని ఎవరూ బొట్టుపెట్టి పిలిచి ఇవ్వరు. మనమే తీసుకోవాలి. ఖరీదైన బూట్లూ, జిమ్మూ అక్కర్లేదు. మాట్లాడగలగాలి గాని పాట పాడలేకపోవాలి. అంత వేగం చాలు. మోకాళ్ళ నొప్పో, గుండె జబ్బో ఉన్నవాళ్ళు మాత్రం డాక్టర్ని అడిగి మొదలుపెట్టండి.

మొదటి వారం మావారు నేనొచ్చేదాకా పేపరు పట్టుకుని కూచున్నారు. రెండోవారం తనే కాఫీ కలిపారు. పంచదార మరీ ఎక్కువైంది.

ఫరవాలేదు, ఇంకో పదినిమిషాలు నడుస్తాను!