ఇరవై శాతం అనే మూఢనమ్మకం

దస్త్రాల భద్రత ప్రస్తావనకు వచ్చిన చోటల్లా ఒక మంత్రం వినిపిస్తుంది: "స్నాప్‌షాట్ల కోసం డిస్కులో ఇరవై శాతం వదిలేయండి, చాలు." ఇరవయ్యే ఎందుకు? ఐదు ఎందుకు కాదు, తొంభై ఎందుకు కాదు? అడిగితే సమాధానం రాదు. పెద్దలు చెప్పారు, అందరూ అలాగే చేస్తున్నారు, అంతే. ముహూర్తాన్నీ వాస్తునూ నిలదీసే హేతువాదులు సైతం ఈ శాతం ఎదుట చేతులు కట్టుకు నిలబడతారు. ఈ టపా ఆ శాతం మీదనే.

స్నాప్‌షాట్‌కు తెలుగు చేయబోయి అయోమయం తేవడం ఇష్టం లేదు కనుక ఆ మాటనే వాడతాను. ఒకానొక క్షణాన డిస్కు మీద సమాచారం ఏ రూపంలో ఉందో ఆ రూపాన్ని తిరిగి చూడగలిగేలా నిలిపి ఉంచడం దాని పని. పేరు విని అది సంపూర్ణమైన నకలు అనుకుంటారు చాలామంది. కాదు. తీసిన క్షణాన స్నాప్‌షాట్ దాదాపు చోటే ఆక్రమించదు. ఆ తరువాత మనం దేన్నయినా తిరగరాసినప్పుడు, లేదా చెరిపినప్పుడు, దాని పాత రూపాన్ని పోనివ్వకుండా అట్టిపెడుతుంది. అలా అట్టిపెట్టిన పాత రూపాల మొత్తమే స్నాప్‌షాట్లకు పట్టే చోటు.

ఈ ఒక్క సంగతి గ్రహిస్తే శాతాల సిద్ధాంతం అక్కడికక్కడే కూలుతుంది. చోటును నిర్ణయించేది మన దగ్గర ఎంత ఉన్నదన్నది కాదు. ఉన్నదానిలో ఎంత తిరగరాస్తున్నామన్నది, ఆ పాత రూపాలను ఎన్నాళ్ళు ఉంచుకోదలచామన్నది.

రెండు భాండాగారాలను ఊహించండి. రెండూ ఒక్కో టెరాబైటు. మొదటిది స్కాన్ చేసిన పాత పుస్తకాల బొమ్మలు. రోజూ కొత్తవి చేరుతుంటాయి, పాతవాటిని ఎవరూ ముట్టరు. కొత్తగా చేరేవి అసలు డిస్కును నింపుతాయే గాని స్నాప్‌షాట్ల ఖాతాలోకి రావు. ఇక్కడ ఇరవై శాతం వదలడం పడుకునే వారెవరూ లేని గదిలో మంచం వేయడమే. రెండవది నిత్యం మారే లావాదేవీల పట్టిక. రోజుకు మూడు శాతం, అంటే 30 గిగాబైట్లు, తిరగరాతకు లోనవుతాయనుకుందాం. రోజుకొక స్నాప్‌షాట్ తీసి 30 రోజులు ఉంచుకోవాలంటే 900 గిగాబైట్లు కావాలి. ఇరవై శాతం, అంటే 200 గిగాబైట్లు మాత్రమే వదిలినవాడి చోటు ఏడవ రోజున నిండిపోతుంది. పరిమాణం ఒకటే, ఒకరికి దాదాపు సున్న, మరొకరికి తొంభై శాతం. ఇద్దరికీ ఒకే అంకె చెప్పిన సలహాదారును ఏమనాలి?

ఆ అంకె ఆకాశం నుంచి ఊడిపడలేదు. నెట్‌యాప్ సంస్థ పాత వ్యవస్థలలో స్నాప్‌షాట్లకు ముందుగా కేటాయించి ఇచ్చిన వాటా 20 శాతం. అదే సంస్థ తరువాతి ఆన్‌టాప్ వ్యవస్థలో ఆ వాటా 5 శాతం. రెండూ కొనుగోలుదారు ఏమీ చెప్పకపోతే యంత్రం తనంతట తాను పెట్టుకునే తాత్కాలికపు అంకెలు. మనం మాత్రం వాటిలో ఒకదాన్ని శాసనంగా చెక్కించుకున్నాం.

నిండిపోతే ఏమవుతుంది? లినక్సులో ఎల్‌వీఎం పాత పద్ధతి స్నాప్‌షాటుకు కేటాయించిన చోటు నిండగానే ఆ స్నాప్‌షాట్ చెల్లనిదైపోతుంది. అందులోంచి మరేదీ తీసుకోలేము. విండోసు నీడప్రతులకు పెట్టిన పరిమితి దాటగానే అన్నిటికంటే పాతది తొలగిపోతుంది. అంటే తక్కువగా అంచనా వేసినవాడికి దక్కేది తక్కువ భద్రత కాదు, భద్రత ఉన్నదన్న భ్రమ. తాళం ఉన్నదనుకుని తలుపు తీసి పడుకోవడం కంటే, తాళం లేదని తెలిసి మేలుకుని ఉండడం నయం.

ఇక తిరగరాతను కొలవడం. ఇక్కడ మన భాష ఒక పాఠం చెబుతుంది. యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు సంకేతానికీ మూడు బైట్లు. "స్త్రీ" అన్నది కంటికి ఒక్క అక్షరం. యంత్రానికి ఆరు సంకేతాలు, పద్ధెనిమిది బైట్లు. సరే, ఒక నవలలో ఒకచోట హ్రస్వాన్ని దీర్ఘంగా సరిచేశాం. తిరగరాసింది మూడు బైట్లేనా? యంత్రం బైట్ల లెక్కన అట్టిపెట్టదు, దిమ్మెల లెక్కన అట్టిపెడుతుంది. జెడ్ఎఫ్ఎస్‌లో మామూలుగా ఆ దిమ్మె గరిష్ఠ పరిమాణం 128 కిలోబైట్లు. పైగా చాలా రాత పరికరాలు భద్రపరచు అనగానే దస్త్రాన్ని మొత్తం కొత్తగా రాసి పాతదాన్ని తీసేస్తాయి. అప్పుడు ఒక్క గుడిదీర్ఘం కోసం నవల మొత్తపు పాత రూపం నిలిచిపోతుంది. కనుక "మేం మార్చేది ఎంతలే" అన్న అంచనా చెల్లదు. రెండు వారాలు స్నాప్‌షాట్లు తీసి, అవి ఎంత పట్టుకున్నాయో చూసి చెప్పాలి. చూడడంలోనూ ఒక మెలిక ఉంది. రెండు స్నాప్‌షాట్లు కలిసి పట్టుకున్న చోటు జెడ్ఎఫ్ఎస్ చూపే విడివిడి లెక్కలలో దేనిలోనూ కనబడదు. విడి అంకెలు కూడి సంబరపడేవారు మొత్తం అంకెను చూసుకోవడం మంచిది.

ఎంత తరచుగా తీయాలన్నది మరో ప్రశ్న. ఒకే దిమ్మెను రోజులో వందసార్లు తిరగరాసినా రోజుకొక స్నాప్‌షాట్ పద్ధతిలో నిలిచేది ఒక్క పాత రూపమే. గంటకొకటి తీస్తే ఇరవై నాలుగు నిలవవచ్చు. ఆ ఖర్చుకు ఫలం ఏమిటో 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ సంస్థకు తెలిసింది. పొరపాటున అసలు సమాచారమే తుడిచిపెట్టుకుపోయింది. వేరే భద్రపు ప్రతులు ఎన్నాళ్ళుగానో విఫలమవుతున్నాయని అప్పుడే బయటపడింది. వారిని గట్టెక్కించింది అంతకు ఆరు గంటల ముందు ఒకరు వేరే పని మీద చేత్తో తీసిన స్నాప్‌షాట్. ఆ ఆరు గంటల పని పోయింది. ఇరవై నాలుగు గంటలకొకసారి తీసే మామూలు స్నాప్‌షాటే దిక్కయి ఉంటే ఇంకా ఎక్కువ పోయేది. అదృష్టాన్ని అంచనాలో చేర్చుకోలేం కదా.

అన్నిటికంటే నిర్లక్ష్యానికి గురయ్యే ప్రశ్న మూడవది: ఎన్నాళ్ళు ఉంచాలి? ముప్పై రోజులని చటుక్కున అనేస్తారు. అది వ్యాపారపు క్యాలెండరు. నిజానికి ఉంచవలసిన కాలాన్ని నిర్ణయించేది, జరిగిన తప్పు ఎన్నాళ్ళకు మన కంట పడుతుందన్నది. బ్యాంకు ఖాతాలో తప్పు దొర్లితే ఖాతాదారు మర్నాడే గగ్గోలు పెడతాడు. పాత కావ్యంలో తప్పు దొర్లితే ఎవరు పెడతారు?

పాత గ్రంథాలను టైపు చేసి ఉంచిన సంచయంలో ఒక ఉత్సాహవంతుడు "ఱ" ఉన్న చోటల్లా "ర" పెట్టేశాడనుకోండి. ఆధునికులకు సులువుగా ఉంటుందని సదుద్దేశమే. రెండూ మూడేసి బైట్లే కనుక దస్త్రం పరిమాణంలో ఒక్క బైటు కూడా తేడా రాదు. ఏ యంత్రమూ అనుమానించదు. నది అనే అర్థమిచ్చే "ఏఱు", గింజలను "ఏరు" అనే క్రియ ఒకటైపోతాయి. వెనక్కి మార్చుదామంటే ఏ "ర" ఒకప్పటి "ఱ"యో చెప్పే గుర్తు లేదు. యతిప్రాసలను పరిశీలించే పరిశోధకుడు ఆ పుట తెరిచేసరికి మూడేళ్ళు గడిచి ఉండవచ్చు. అప్పటికి మన ముప్పై రోజుల స్నాప్‌షాట్లు ఎన్ని తరాలుగా రాలిపోయి ఉంటాయో లెక్కవేసుకోండి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అన్నారు. ఇక్కడ చేతులు కాలిన సంగతే తెలియదు.

తాళపత్రం మీద లేఖకుడు మాట వదిలితే హంసపాదు పెట్టి చేర్చాడు. తప్పూ దిద్దుబాటూ రెండూ ఆకు మీదనే ఉండిపోయాయి. బ్రౌను ఒకే కావ్యానికి అనేక ప్రతులు సేకరించి పండితుల చేత పోల్చి చూపించగలిగాడంటే, ఒక ప్రతిలోని దిద్దుబాటు మరొక ప్రతిని తుడిచివేయలేదు గనుకనే. కంప్యూటరులో దిద్దుబాటు అసలును మింగేస్తుంది. పాత రూపాలను నిలపకపోతే మన తరం తరువాతివారికి పాఠాంతరమన్నదే మిగలదు.

ఇన్నేళ్ళు ఉంచడానికి చోటెక్కడిది అంటారా? అంకెలు చూద్దాం. మూడువందల పుటల తెలుగు నవల, పుటకు 1,500 సంకేతాల చొప్పున, 4,50,000 సంకేతాలు. మూడు రెట్లు చేస్తే 1.35 మెగాబైట్లు. ఖాళీలకు ఒక్కో బైటే కనుక నిజానికి ఇంకా తక్కువ. ఐదున్నర అంగుళాల వెడల్పు, ఎనిమిదిన్నర అంగుళాల పొడవు గల ఒక్క పుటను 300 చుక్కల సాంద్రతతో, బూడిదరంగు ఛాయలలో, కుదించకుండా స్కాన్ చేస్తే 4.2 మెగాబైట్లు. అంటే ఒక్క పుట బొమ్మలో మూడు నవలల పాఠం పడుతుంది. అలాంటి వెయ్యి పుస్తకాల సంచయం 1.35 గిగాబైట్లు. రోజుకు పది పుస్తకాలు దిద్దుతున్నారనీ, దిద్దిన ప్రతిసారీ పుస్తకం మొత్తం తిరగరాయబడుతుందనీ అనుకుందాం. రోజుకు 13.5 మెగాబైట్లు. పదేళ్ళ పాటు ప్రతిరోజు స్నాప్‌షాటునూ ఉంచుకుంటే సుమారు 49 గిగాబైట్లు.

దానికి ఒక ప్రళయదినాన్ని కలపాలి. పాత ఖతులలోని పాఠాన్ని యూనికోడులోకి మార్చిన రోజునో, దుండగుల మాల్వేరు దస్త్రాలన్నిటినీ గుప్తలిపిలోకి మార్చిన రోజునో నూటికి నూరు శాతం తిరగరాత జరుగుతుంది. స్నాప్‌షాట్ అవసరం నిజంగా పడేది ఆ రోజునే. చోటు నిండేదీ ఆ రోజునే. మరో 1.35 గిగాబైట్లు కలిపితే మొత్తం 51 లోపే. 64 గిగాబైట్ల పెన్‌డ్రైవులో పట్టేంత. ఇరవై శాతం సూత్రం ఈ సంచయానికి కేటాయించేది 270 మెగాబైట్లు. అవి ఇరవై రోజుల్లో నిండిపోతాయి. కావలసినది ఇరవై శాతం కాదు, ముప్పై ఏడు రెట్లు. అయినా జేబులో పడుతుంది. శాతం మనల్ని ఎలా మోసగించిందో చూశారా? అవసరాన్ని తక్కువ చేసి చూపింది. అవసరం తెలిశాక భయపెట్టేలా పెద్దది చేసి చూపింది. అసలు అంకె మాత్రం ఎవరినీ భయపెట్టదు.

"మా సమాచారం చాలా పెద్దది, సాధ్యం కాదు" అనే మాట కూడా అంకె కాదు. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని డేజాన్ ప్రభుత్వ సమాచార కేంద్రంలో మంటలు రేగి, ఉద్యోగుల దస్త్రాలు దాచే జీ-డ్రైవ్ ధ్వంసమైంది. 858 టెరాబైట్లు. బయట మరో ప్రతి లేదు. పరిమాణం చాలా పెద్దది కావడమే అందుకు చెప్పిన కారణం. 858ని 20 టెరాబైట్ల డిస్కులతో భాగిస్తే 43. అదనపు డిస్కులనూ యంత్రాలనూ కలిపినా ఒక దేశ ప్రభుత్వానికి అది కొండ కాదు. ఇంకో మాట: అదే డిస్కు మీద ఎన్ని స్నాప్‌షాట్లు తీసి ఉన్నా అవీ ఆ మంటలోనే బూడిదయ్యేవి. స్నాప్‌షాట్ మన చేతి తప్పు నుంచి కాపాడుతుంది; ఇల్లు తగలబడితే కాపాడదు. ప్రతిని మరో ఊళ్ళో పెట్టడానికి పట్టే చోటు వేరే పద్దు, దాన్ని విడిగా లెక్కించాలి.

కనుక ఇకమీదట శాతం చెప్పేవారిని మూడు ప్రశ్నలు అడగండి. రోజుకు ఎంత తిరగరాస్తున్నాం? తప్పు ఎన్నాళ్ళకు బయటపడుతుంది? అంతా ఒక్కరోజే మారిపోతే చోటు సరిపోతుందా? ఈ మూడింటికీ కొలిచి చెప్పినవారి అంకె ఇరవయ్యే అయినా శిరసావహిస్తాను. కొలవకుండా చెప్పినవారిది అంచనా కాదు, సోది. విభేదించేవారికి స్వాగతం, అంకెలతో రండి.