జిరాయితీ రైతుతో ఒప్పందమే కొల్లేటికి రక్ష

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ పల్లంలో ఉన్న కొల్లేరు సరస్సు బుడమేరు, తమ్మిలేరు, రామిలేరుల వరదను ఇముడ్చుకుని, ఉప్పుటేరు ద్వారా నెమ్మదిగా బంగాళాఖాతంలోకి వదిలే సహజ జలాశయం. ప్లస్ ఐదో కాంటూరు వరకు, అంటే సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తున ఉన్న స్థలాలను కలుపుతూ గీసిన రేఖ లోపలి 308 చదరపు కిలోమీటర్లను రాష్ట్ర ప్రభుత్వం 1999లో అభయారణ్యంగా ప్రకటించగా, 2002లో కొల్లేరు అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకెక్కింది. అయితే ఆ రేఖ లోపల ఉన్నదంతా సర్కారు భూమి కాదు. అందులో వేల ఎకరాలు జిరాయితీ, అంటే రైతుకు పూర్తి యాజమాన్య హక్కున్న పట్టా భూమి. కొల్లేటి చిక్కుముడి అక్కడే ఉంది.

ఆ రేఖ లోపల వెలసిన చేపల చెరువుల గట్లను 2006లో ప్రభుత్వం యంత్రాలతో ధ్వంసం చేసినా, కాలక్రమంలో అవి మళ్లీ లేచాయి. పొక్లెయిన్‌తో నేలను తవ్వి చుట్టూ మట్టి పోస్తే, లోపల బొచ్చె, శీలావతి పెరుగుతాయి కానీ, ఆ గట్టుకు అడ్డుపడిన వరద లంక గ్రామాల మీదికి మళ్లుతుంది. పలుచని నీటిలో కాలూని మేత వెతికే కొంగకు లోతైన చెరువులో చోటుండదు. జిరాయితీ రైతుల ఇబ్బందికి విరుగుడుగా అభయారణ్యాన్ని మూడో కాంటూరుకు కుదించాలని 2008లో శాసనసభ తీర్మానించింది. కేంద్రం నియమించిన అజీజ్ కమిటీ ఆ కుదింపును సమర్థించలేదు. కమిటీ మాటే సరైనది, ఎందుకంటే గీత జరిపినంత మాత్రాన వరద పల్లం వదిలిపోదు.

అలాగని పట్టాదారును ఆక్రమణదారుతో సమానంగా చూడటం అన్యాయం. పరిహారమూ ఇవ్వక, సాగుకు ఆధారమూ చూపక కేవలం నిషేధం మోపితే, అతడు భూమిని చేపల వ్యాపారికి కౌలుకిచ్చి చేతులు దులుపుకోవడంలో వింత లేదు. అమెరికాలో 1990 వ్యవసాయ చట్టంతో మొదలైన పథకం కింద, యాజమాన్యం రైతు వద్దే ఉంచి, చిత్తడి నేలను పాడుచేయబోనన్న ఒప్పందాన్ని ముప్పయ్యేళ్లకో శాశ్వతంగానో ప్రభుత్వం డబ్బిచ్చి కొనుక్కుంది, పునరుద్ధరణ ఖర్చును కూడా భరించింది. మన వన్యప్రాణి సంరక్షణ చట్టంలోనూ, 2002 సవరణతో వచ్చిన 36-సి సెక్షన్ ప్రకారం, యజమాని స్వచ్ఛందంగా ముందుకొస్తే ప్రైవేటు భూమిని కమ్యూనిటీ రిజర్వుగా ప్రకటించవచ్చు. కాకపోతే అది అభయారణ్యం వెలుపలి భూములకే వర్తిస్తుంది కనుక, ఐదో కాంటూరుకు పైనున్న పొలాలకు దాన్ని వాడుకుని, లోపలి జిరాయితీకి వేరే ఒప్పందం రూపొందించాలి.

ఆ ఒప్పందంలో రైతు గట్లు తీసి వానాకాలపు నీటిని పరచుకోనివ్వాలి. నీరు తగ్గాక దాళ్వా వరి వేసుకోవచ్చు. ప్రభుత్వం ఏటా ఎకరాకు నిర్ణీత మొత్తం చెల్లించాలి. ఆ సొమ్ము కౌలు వ్యాపారికి కాక పట్టాదారుకే చేరాలి, సర్కారు భూమిని ఆక్రమించినవారికి పైసా కూడా అందకూడదు. ఇందుకు మొదటి అడుగుగా రెవెన్యూ, అటవీ శాఖలు కలిసి సర్వే నంబర్లవారీ జిరాయితీ జాబితాను గ్రామసభల్లో చదివి వినిపించాలి. గట్టు తీసిన రైతుకు తొలి చెల్లింపు ఆ ఏడాదిలోనే అందించాలి.