బాగైనవాళ్లే కనిపించే వైద్యం

మన దేశంలో ప్రకృతి వైద్యం ఎలా మొదలైందో చెప్పేవారెవరూ ఒక తెలుగు పుస్తకాన్ని దాటి ముందుకు పోలేరు. జర్మనీలోని లైప్‌జిగ్ నగరంలో తొట్టి స్నానాలతో, మితాహారంతో చికిత్స చేసిన లూయీ కూనే గ్రంథాన్ని డి.వెంకటచలపతి శర్మ 1894లో తెలుగు చేశారు. హిందీ, ఉర్దూ పాఠకులకు అదే పుస్తకం అందడానికి మరో పదేళ్లు పట్టింది. నీళ్లు, మట్టి, ఎండ, ఉపవాసం తోడుగా సొంత జబ్బును సొంతంగా బాగుచేసుకోవచ్చన్న మాటను మనవాళ్లు అంత ముందుగా చదివారన్నమాట. ఆ చదువు నేటికీ ఆగలేదు. పుస్తకం పోయి ఫోను వచ్చింది, అంతే. ఇలాంటి చదువు మంచిదా, ప్రమాదమా అని మనం తరచూ వాదించుకుంటాం. ఆ వాదనతో తేలేదేమీ లేదు. సొంతంగా నేర్చుకున్నవాడికి తన తప్పు ఎలా తెలుస్తుంది? దీనికి జవాబు వెతికితే మిగతావి వాటంతటవే సర్దుకుంటాయి.

ఈ వైద్యాలను మొదలుపెట్టినవారంతా దాదాపుగా సొంత చదువువాళ్లే. చన్నీళ్ల చికిత్సకు పేరు తెచ్చిన ప్రీస్నిట్జ్ ఒక రైతు. బండి మీదనుంచి పోయి పక్కటెముకలు విరిగితే తడిగుడ్డ కట్లతో తనను తాను బాగుచేసుకున్నాడు. సెబాస్టియన్ నైప్ క్షయతో బాధపడుతున్న వేదాంత విద్యార్థి. జల చికిత్స మీద ఎప్పటిదో ఒక పాత పుస్తకం చేతికి చిక్కింది, గడ్డకట్టే చలిలో డాన్యూబ్ నదిలో మునకలు వేశాడు, బతికాడు, తర్వాత మతగురువై వేలమందికి వైద్యం చేశాడు. హోమియోపతి పుట్టించిన హానిమన్ చదువుకున్న వైద్యుడే. అయినా 1790లో ఒక వైద్య గ్రంథాన్ని అనువదిస్తూ, సింకోనా బెరడు గురించి అందులో రాసింది నమ్మలేక, దాన్ని తానే మింగి ఏమవుతుందో చూసుకున్నాడు. తన ఒంటి మీద ప్రయోగం, దాని నుంచి ఒక సూత్రం, ఆ సూత్రంతో లోకానికి వైద్యం. కథ ఎప్పుడూ ఈ వరసలోనే సాగింది. మొదటి మెట్టు గొప్పది, ఆ ధైర్యం లేకపోతే ఏ వైద్యమూ ముందుకు పోదు. కాలు జారేది రెండో మెట్టు నుంచి మూడో మెట్టుకు ఎక్కేటప్పుడే.

ఆ జారుడు తెలిసిన సొంత చదువరి మనకు ఒకరున్నారు. కూనేను చదివిన గాంధీ 1902లో బొంబాయిలో పదేళ్ల కొడుకు మణిలాల్‌కు టైఫాయిడ్ వస్తే గుడ్లు, కోడి పులుసు పెట్టమన్న డాక్టరు సలహాను తోసిపుచ్చారు. మూడు నిమిషాలకు మించకుండా తొట్టి స్నానాలు చేయించారు, నీళ్లు కలిపిన నారింజ రసం మాత్రమే ఇచ్చారు, జ్వరం దిగకపోతే తడి దుప్పటి చుట్టారు. పిల్లవాడు బతికాడు. ఇదంతా ఆత్మకథలో రాస్తూ గాంధీ, వాడు కోలుకున్నది దేవుడి దయ వల్లనా, జల చికిత్స వల్లనా, పథ్యం, సేవల వల్లనా ఎవరు చెప్పగలరని ప్రశ్నించుకున్నారు. తన నమ్మకం ఫలానా అన్నారు కానీ, అది రుజువైందని అనలేదు. అదే గాంధీ 1924 జనవరిలో అపెండిసైటిస్ వస్తే పుణెలోని సాసూన్ ఆసుపత్రిలో కర్నల్ మాడక్ చేత ఆపరేషన్ చేయించుకున్నారు. ఆగాఖాన్ భవనంలో బందీగా ఉండి ఆరోగ్యం మీద పుస్తకం రాసినా, 1946లో ఉరులీ కాంచన్‌లో పల్లె జనానికి ప్రకృతి చికిత్స మొదలుపెట్టినా, ఆ ఆపరేషన్‌ను ఎన్నడూ దాచలేదు. ఆయన శిష్యులమని చెప్పుకునేవారు తొట్టి స్నానం తీసుకుని, ఆ ప్రశ్నను మాత్రం వదిలేశారు.

తెలుగునాట ఈ సంప్రదాయం విస్తరించింది హోమియో పెట్టెతో. బడిపంతులు, పోస్టుమాస్టరు, కరణం, రిటైరైన గుమాస్తా ఎవరో ఒకరి ఇంట్లో చిన్న చిన్న సీసాల పెట్టె, నలిగిపోయిన మెటీరియా మెడికా ఉండేవి. సాయంత్రం అరుగు మీద కూర్చుంటే తీపి మాత్రల కోసం పిల్లల్ని చంకనేసుకుని తల్లులు వచ్చేవారు. విశ్వవిద్యాలయంలో తెలుగు బోధించిన ఎక్కిరాల కృష్ణమాచార్య హోమియో నేర్చి, విశాఖ కేంద్రంగా ఉచిత వైద్యశాలలు పెట్టించారు. గుడివాడలో కళాశాలే వెలిసింది. ఆ మాత్రలు పనిచేస్తాయా లేదా అన్న వివాదంలోకి నేను ఇక్కడ దిగదలచుకోలేదు. నా అభిప్రాయం అడిగితే, ఇంతవరకు జరిగిన పెద్ద పరీక్షల్లో ఉత్తుత్తి మాత్రను మించిన ఫలితం గట్టిగా తేలలేదు. కానీ ఆ అరుగు మీద ఒక వెసులుబాటు ఉండేది. మందు ఇచ్చినాయన, పుచ్చుకున్నామె ఒకే ఊరివాళ్లు. తగ్గకపోతే మర్నాడు ఆమె మళ్లీ గుమ్మంలోకి వస్తుంది, లేదా నలుగురిలో అనేస్తుంది. తప్పు తెలియడానికి పెద్ద ఏర్పాటేమీ అక్కర్లేదు, ఎదురుపడటమే చాలు.

టీవీ, ఆ తర్వాత యూట్యూబ్ ఆ ఎదురుపాటును తీసేశాయి. దీనికి విజయవాడ కంటే మంచి ఉదాహరణ దొరకదు. కృష్ణ ఒడ్డున ఆరోగ్యాలయం నడుపుతున్న మంతెన సత్యనారాయణరాజు ఉప్పు, నూనె లేని వంటలను ఇంటింటికీ తీసుకెళ్లారు. అదే నగరం నుంచి వీరమాచనేని రామకృష్ణ, వైద్యుడు కాకుండానే, రోజుకు 70 నుంచి 100 గ్రాముల కొవ్వు, మూడు నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్లు, మల్టీవిటమిన్ మాత్ర అన్న పద్ధతితో 2017 తర్వాత ఊరూరా సభలు పెట్టారు. ఒకరు నూనె చుక్క ముట్టవద్దంటారు, ఇంకొకరు నూనె తాగమంటారు. ఈ ఇద్దరి మధ్యలో మైసూరు నుంచి ఖాదర్ వలీ కొర్రలు, అండుకొర్రలు, సామలు, ఊదలు, అరికెలతో, ఆకుల కషాయాలతో వచ్చారు. ఆయనకు 2023లో పద్మశ్రీ కూడా వచ్చింది. ముగ్గురి సభల్లోనూ షుగర్ తగ్గిందని, బరువు తగ్గిందని లేచి చెప్పినవాళ్లు ఉన్నారు. వాళ్లు అబద్ధం చెబుతున్నారని నేను అనుకోను.

ఒకదానికొకటి పొసగని మూడు సిద్ధాంతాలు ఒకే ఫలితాన్ని ఇస్తే, ఆ ఫలితానికి కారణం ఆ సిద్ధాంతాల్లో ఉండకపోవచ్చు, వాటన్నింటిలో ఉమ్మడిగా ఉన్నదానిలో ఉండొచ్చు. ఉమ్మడిగా ఉన్నదేమిటో చూడండి. మూడు పద్ధతుల్లోనూ పంచదార పోతుంది, పళ్లెం నిండా తెల్లన్నం పోతుంది, బేకరీ సరుకు, కూల్‌డ్రింకు, రాత్రి పదింటి బిర్యానీ పోతాయి. పొద్దున్నే లేవడం, తిన్నది రాసుకోవడం, వారానికోసారి బరువు చూసుకోవడం వస్తాయి. తనలాంటి నలుగురు తోడవుతారు. బరువు తగ్గుతుంది, దాంతోపాటు షుగరూ తగ్గుతుంది.

ఇదే సంగతిని ఆధునిక వైద్యం కొంత ఆలస్యంగానైనా పరీక్షకు పెట్టింది. బ్రిటన్‌లో జరిగిన ‘డైరెక్ట్’ అధ్యయనం ఫలితాలు 2017 చివర లాన్సెట్‌లో వచ్చాయి. టైప్-2 షుగర్ ఉన్న 298 మందిలో సగం మందికి మూడు నుంచి ఐదు నెలలపాటు రోజుకు 825 నుంచి 853 కేలరీల ద్రవాహారం ఇచ్చారు, మాత్రలు ఆపించారు. ఏడాదికి 46 శాతం మందికి మందుల్లేకుండానే షుగర్ అదుపులోకి వచ్చింది. మామూలు చికిత్స పొందినవారిలో అది 4 శాతమే. పదిహేను కిలోలు, అంతకంటే ఎక్కువ తగ్గినవారిలో 86 శాతం. మన ఆహార గురువులు చెప్పినదాంట్లో పస ఉందనడానికి ఇంతకంటే బలమైన సాక్ష్యం అక్కర్లేదు. అయితే ఆ నివేదికలో మన సభల్లో ఎన్నడూ వినపడని అంకెలు కూడా ఉన్నాయి. సగానికి పైగా మందికి అదుపులోకి రాలేదు. రెండో ఏడు ముగిసేసరికి ఆ 46 శాతం 36కు దిగింది. ఇన్సులిన్ తీసుకుంటున్నవారిని, జబ్బు బయటపడి ఆరేళ్లు దాటినవారిని అసలు చేర్చుకోలేదు. ఎవరికి పనికొచ్చిందో చెప్పినవాళ్లే ఎవరికి పనికిరాలేదో, ఎవరి జోలికి తాము పోలేదో కూడా రాశారు. మన దగ్గర వేదిక ఎక్కేది నలభై కిలోలు తగ్గినాయన. మూడో వారం కళ్లు తిరిగి మానేసినామె ఇంట్లో కూర్చుని, తనకే క్రమశిక్షణ లేదని తనను తాను తిట్టుకుంటుంది. గురువుకు ఆమె సంగతి తెలియదు. తెలియకపోవడం వల్లే ఆయన చదువు అక్కడితో ఆగిపోతుంది.

మానేసినవారితోనే పోతే ఇంత రాయాల్సిన పని లేదు. టైప్-1 షుగర్ ఉన్న పిల్లవాడికి ఇన్సులిన్ ఆపితే రోజుల్లోనే రక్తం ఆమ్లమయమై ప్రాణం మీదకు వస్తుంది. ఏ చిరుధాన్యమూ ఆ చోటును పూడ్చదు. కోవిడ్ కాలంలో ఇంటింటా తిప్పతీగ కషాయం కాచుకున్నాం. 2021లో ముంబయి వైద్యులు అది వాడిన ఆరుగురిలో కాలేయం దెబ్బతిన్నట్టు వైద్య పత్రికలో నమోదు చేశారు. మొక్కను గుర్తుపట్టడంలోనే పొరపాటు జరిగి ఉండొచ్చని, అసలైన తిప్పతీగకు ఆ దోషం అంటగట్టవద్దని ఆయుష్ శాఖ అభ్యంతరం చెప్పింది. శాఖ మాటే నిజమనుకున్నా, కంచె మీది తీగను తెంపుకొచ్చి కాచుకునే ఇల్లాలికి ఆ తేడా ఎవరు చెప్పారు? అదే ఏడాది మే నెలలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఆనందయ్య మందు కోసం వేలమంది ఎగబడ్డారు. ప్రభుత్వం నిపుణులతో పరిశీలింపజేసి, కంట్లో వేసే చుక్కలు తప్ప మిగతావాటికి అనుమతిచ్చింది. హాని లేదన్న మాట జనం చెవికి చేరేసరికి పనిచేస్తుందన్న మాటగా మారింది. మందు పుచ్చుకున్నవారిలో ఎందరికి తగ్గింది, ఎందరు ఆ తర్వాత ఆక్సిజన్ కోసం పరిగెత్తారు అని వరసగా రాసుకుని ఉంటే ఆ గొడవ అప్పుడే తేలిపోయేది.

జనం అటు పోవడానికి మూఢత్వమే కారణమని డాక్టర్లు అంటే మాత్రం ఒప్పుకోలేం. 67 దేశాల్లో డాక్టరు రోగికి కేటాయించే సమయాన్ని 2017లో ఒక అధ్యయనం పోల్చి చూసింది. స్వీడన్‌లో అది 22 నిమిషాలు, మన దేశంలో రెండు నిమిషాలు అటూఇటూ. ఆ రెండు నిమిషాల్లో చీటీ రాయవచ్చు, అన్నం ఎంత తినాలో చెప్పలేం. ఏం తింటున్నారని, ఎలా నిద్రపోతున్నారని, ఇంట్లో దిగులేమిటని అడిగే మనిషి కోసం జనం వెతుక్కుంటారు. ఆ అడిగే ఓపిక ప్రకృతి ఆశ్రమంలో దొరుకుతోంది, కార్పొరేట్ ఆసుపత్రిలో దొరకడం లేదు. ‘సంపూర్ణ ఆరోగ్యం’ అన్న మాటకు మార్కెట్లో ఇంత ధర పలకడానికి కారణం ఆ ఓపికే.

మరి దారి ఏది? దాని కోసం జర్మనీ దాకా పోనక్కర్లేదు. వైద్యుడు జ్ఞానం పెంచుకునే దారులు మూడని చరక సంహిత విమానస్థానం చెబుతుంది: తాను చదవడం, ఇతరులకు చెప్పడం, ఆ విద్య తెలిసినవారితో సంభాషించడం. ఆ సంభాషణ కూడా రెండు రకాలట. స్నేహంగా చేసేది ఒకటి, ఎదిరించి నిలదీసేది ఇంకొకటి. అడవిలోని మేకల కాపరులకు, గొల్లలకు మూలికల పేరూ రూపూ తెలుసు, వాటిని ప్రయోగించే తీరు తెలియడం వేరని సూత్రస్థానం ముందే హెచ్చరించింది. మన యూట్యూబ్ గురువులు చదువుతారు, చెబుతారు, మూడోదాన్ని మాత్రం తప్పించుకుంటారు. వ్యాఖ్యల పెట్టె కట్టేస్తే నిలదీసేవాడే ఉండడు. ఎంబీబీఎస్ చదివినవారికి ఈ జబ్బు లేదని కాదు. పిల్లలకు యాంటీబయాటిక్ అలవాటుగా రాసిచ్చే డాక్టరు కూడా తన ఫలితాలు లెక్క పెట్టుకోడు.

చట్టాలకు మన దగ్గర లోటు లేదు. అద్భుత చికిత్సల ప్రకటనలను నిషేధించే చట్టం 1954లోనే వచ్చింది. ఫలానా మందు నయం చేస్తుందని చెప్పుకోకూడని 51 జబ్బుల జాబితా ఔషధ నిబంధనల్లోని షెడ్యూల్-జేలో ఉంది. తాను చదవని పద్ధతిలో మందివ్వడమే నిర్లక్ష్యమని సుప్రీంకోర్టు 1996లో పూనం వర్మ కేసులో తేల్చింది. పతంజలి ప్రకటనల కేసులో 2024లో పత్రికల్లో క్షమాపణలు వేయించింది. అయినా ప్రకృతి వైద్యం విషయంలో పెద్ద ఖాళీ ఉంది. ఆయుర్వేదం, యునానీ, సిద్ధ, సోవా రిగ్పాలకు జాతీయ కమిషన్ ఉంది, హోమియోకు వేరే కమిషన్ ఉంది, ప్రకృతి వైద్యానికి ఇప్పటికీ ఏదీ లేదు. ఐదున్నరేళ్లు బీఎన్‌వైఎస్ చదివినవారు, వారాంతపు శిబిరంలో సర్టిఫికెట్ తెచ్చుకున్నవారు ఒకేలాంటి బోర్డు పెట్టుకోగలుగుతున్నారు.

రెండు పనులను ఒక గాటన కట్టడం మానాలి. తన ఒంటి సంగతి తాను నేర్చుకోవడం ప్రతి మనిషి హక్కు. దానికి లైసెన్సు అడగకూడదు. పైగా ప్రభుత్వమే నమ్మదగిన తెలుగు పుస్తకాలు, వీడియోలు ఇవ్వాలి. షుగర్ రోగికి గ్లూకోమీటర్ వాడటం, అంకెలు రాసుకోవడం, ఏ అంకె దగ్గర పరిగెత్తాలో నేర్పడం ఆశా కార్యకర్త పనిలో భాగం కావాలి. ఇంకొకరికి చికిత్స చెప్పడం వేరే పని. ఆ పని చేసేవారికి రిజిస్టరు తప్పనిసరి చేయాలి. ఏడాదిలో ఎందరు చేరారు, ఎందరు మధ్యలో మానేశారు, ఆరు నెలలకు, ఏడాదికి మూడు నెలల సగటు షుగర్ ఎంత ఉంది, ఎవరి మందులు ఎవరి సలహాతో ఆపారు, ఎవరిని ఆసుపత్రికి పంపారు. పెద్ద ఆరోగ్యాలయాలకు దీనికి కావలసిన సిబ్బంది, కంప్యూటర్లు, డబ్బు అన్నీ ఉన్నాయి. రెండు తెలుగు రాష్ట్రాల ఆయుష్ శాఖలు ఆ వివరాలు ఏటా బయటపెట్టించే నిబంధన తేవాలి.

అది వచ్చేదాకా పాఠకులకు ఒక విన్నపం. ఏ ఆశ్రమంలో చేరబోయినా, ఏ పద్ధతి మొదలుపెట్టబోయినా, అక్కడివారిని పోయిన ఏడాది బాగుపడనివారి లెక్క అడగండి. నిలబడి జవాబు చెప్పినవారి దగ్గర చేరండి. లెక్క లేదన్నచోట ఆహార నియమాలు మాత్రం నేర్చుకుని ఇంటికి రండి, ఇన్సులిన్, బీపీ, టీబీ, ఫిట్స్ మందుల్లో ఒక్కటి కూడా మీ డాక్టరుకు చెప్పకుండా ఆపకండి.