బిల్లు పెద్దదైతే కడుపు పట్టనంత తినాలా?

ధర్మవరంలో చీరల బేరం బాగా సాగినా, పిల్లాడికి ర్యాంకొచ్చినా ఇప్పుడు కారు బెంగళూరు వైపే తిరుగుతోంది. హిందూపురం నుంచి వంద కిలోమీటర్లే కదా! కియా వచ్చాక పెనుకొండకు కొరియా వంట పరిచయమైంది గానీ, ఫ్రెంచ్ భోజనానికి మాత్రం అక్కడికే పోవాలి. వెళ్లండి, తప్పులేదు. నా అభ్యంతరమల్లా మనం తినే తీరు మీదే.

ఫ్రెంచ్ పద్ధతిలో వంటకాలు ఒకదాని తర్వాత ఒకటి, కొంచెం కొంచెంగా వస్తాయి. కడుపు నిండిన కబురు మెదడుకు చేరడానికి సుమారు 20 నిమిషాలు పడుతుంది. ఆ వ్యవధి ఇక్కడ దానంతటదే దొరుకుతుంది. మనమేమో మొదటి ప్లేటు వచ్చేలోపే బుట్టలోని బ్రెడ్డూ వెన్నా ఖాళీ చేస్తాం. అదీ మైదా బ్రెడ్డు! తర్వాత క్రీమ్ సూపు, చీజ్ సాస్... ‘ఇంత డబ్బు పోసి వదిలేస్తామా’ అంటూ చివరి చెంచా దాకా లాగిస్తాం. షుగరున్న నాన్నగారి ముందుకూ క్రీమ్ బ్రూలే జరుపుతాం. అందులో ఉండేది మీగడ, గుడ్డుసొన, పంచదారే.

బ్రెడ్డు వద్దని ముందే చెప్పండి. సాస్ విడిగా అడగండి. స్వీటు ఒకటి తెప్పించి నలుగురూ పంచుకోండి. రాత్రి పొద్దుపోయాక తిని కారు సీట్లో వాలితే గుండెల్లో మంట రావచ్చు. అందుకే నా ఓటు మధ్యాహ్నానికి. ఇక భోజనానికి ముందు ఇన్సులిన్ తీసుకునే పెద్దలు ఇంటి దగ్గరే వేసుకుని బయల్దేరితే దారిలోనే షుగర్ పడిపోయే ప్రమాదముంది. ప్లేటు ఎప్పుడొస్తుందో కనుక్కున్నాకే వేసుకోవాలి.