కొన్ని రోడ్లని అలా వదిలెయ్యండి బాబూ

గండికోట వెళ్ళొచ్చానని మా ఆఫీసులో ఎవరితోనైనా అంటే చాలు, వెంటనే వచ్చే మాట "ఓ, ఇండియన్ గ్రాండ్ కాన్యనా!" అని. ఈ పోలికంటే నాకు ఒళ్ళు మంట. అరిజోనాలో ఉన్నది 446 కిలోమీటర్ల పొడవు, మైలుకి పైగా లోతు. మన పెన్న ఎర్రమల కొండల్ని కోసుకుంటూ పోయిన చోట లోతు దాదాపు మూడొందల అడుగులు. ఆ పక్కన ఈ పేరు పెట్టగానే మనది ఎగ్జిబిషన్లో పెట్టిన బొమ్మ అయిపోతుంది. పోనీ ఆ ఇంగ్లీషు మాటకి మనకి మాట లేదా అంటే, ఊరి పేరులోనే ఉంది. కొండల్ని నది చీల్చుకుని వచ్చే చోటు గండి, దాని మీద కట్టుకున్న కోట గండికోట. అదే కడప జిల్లాలో వేంపల్లె దగ్గర పాపాఘ్ని కొండల్లోంచి బయటపడే చోట ఆంజనేయస్వామి గుడి ఉంది, ఆ క్షేత్రం పేరే గండి. మనవాళ్ళు చూసి, పేరు పెట్టి, గుడి కట్టి, కోట కట్టి ఎన్ని వందల ఏళ్ళయిందో. మనకి మాత్రం అమెరికా వాడి స్టాంపు పడితే గానీ తృప్తి ఉండదు.

సరే, నా గోల లోయ గురించి కాదు. అక్కడికి తీసుకెళ్ళే రోడ్డు గురించి.

నేనుండేది సికింద్రాబాదులో. వారమంతా కంప్యూటర్ ముందు కూచుని, శనివారం తెల్లారుజామున బండి తీసే జాతి మాది. మాలాంటి వాళ్ళకి ఊరు దాటడమే సగం ప్రయాణం. ఔటర్ రింగ్ రోడ్డు మీదకి టూ వీలర్లని రానివ్వరు కాబట్టి, దక్షిణం వైపు ఎక్కడికి పోవాలన్నా ప్యారడైజ్ దగ్గర మొదలుపెట్టి ఊరంతా అడ్డంగా చీల్చుకుంటూ పోవాల్సిందే. శంషాబాద్ దాటాక 44వ నంబరు హైవే ఎక్కితే ఇక బాధ లేదు. టోల్ గేటు దగ్గర బైకుకి డబ్బులు కూడా అడగరు, పక్కనున్న సందులోంచి దూరిపోవచ్చు. షాద్‌నగర్, జడ్చర్ల, బీచుపల్లి దగ్గర కృష్ణ వంతెన, కర్నూలు. బ్రహ్మాండమైన రోడ్డు. కానీ ఇంటికొచ్చాక ఆ రెండొందల కిలోమీటర్లలో ఏం చూశావని ఎవరైనా అడిగితే చెప్పడానికి ఏమీ ఉండదు. మధ్యలో నాటిన కాగితం పూల చెట్లు, లారీల వెనక రాతలు. అంతే.

కర్నూలు దాటి బనగానపల్లె, అవుకు, కొలిమిగుండ్ల వైపు తిరిగాక అసలు ప్రయాణం మొదలవుతుంది. పొలాల గట్ల మీద కంచెకి బదులు నిలువుగా పాతిన నాపరాళ్ళు, ఇళ్ళ గోడలకీ నాపరాళ్ళే, కప్పులకీ నాపరాళ్ళే. భూమిలో ఉన్నదే భూమి మీదా కనపడుతుంది. బేలం గుహలు కూడా ఆ సున్నపురాయిలో నీళ్ళు తొలిచినవే కదా. ఇది రెండు లేన్ల రోడ్డు. గేదెలు అడ్డం వస్తాయి, ఆటోవాడు చెయ్యి చూపించకుండా తిరుగుతాడు, అరవై దాటి పోలేం. అరవై దాటి పోలేం కాబట్టే నాపరాయి కనపడింది.

గండికోట రోడ్డు గురించి మూడున్నర శతాబ్దాల కిందటే ఒకాయన రాశాడు. టావెర్నియే అని ఫ్రెంచి రత్నాల వర్తకుడు, 1652లో మీర్ జుమ్లాని కలవడానికి ఇక్కడికి వచ్చాడు. అప్పటికి మీర్ జుమ్లా పెమ్మసాని నాయకుల చేతిలోంచి కోట లాక్కుని ఎంతో కాలం కాలేదు. కోటకి ఉన్నది ఒకటే దారి అనీ, అది కొండని తొలిచి చేసిందనీ, వెడల్పు ఎక్కడా పాతిక అడుగులకి మించదనీ, కొన్ని చోట్ల ఏడెనిమిది అడుగులేననీ, పక్కనే భయంకరమైన అగాధం, అడుగున పెద్ద నది అనీ రాసుకున్నాడు. నాకు తెలిసినంతలో మన గండి దారుల మీద మొదటి ట్రావెలాగ్ ఇదే అనుకుంటా! వజ్రాలూ ముత్యాలూ తప్ప మరో ధ్యాస లేని మనిషికి కూడా ఆ దారి గుర్తుండిపోయింది. శత్రువులు రాకుండా ఇరుకుగా ఉంచిన దారి అది. ఇప్పుడు జమ్మలమడుగు నుంచి మంచి తారు రోడ్డు ఉంది, కోట లోపలి ఊరి దాకా బస్సే వెళుతుంది. చివర రాళ్ళ మీద నడిచి అంచుకి వెళ్ళాలి.

ఇక మాకు దగ్గర్లో ఉన్న గండి దారి శ్రీశైలం రోడ్డు. తుక్కుగూడ, ఆమనగల్, డిండి మీదుగా మన్ననూరు చేరితే అక్కడ అటవీశాఖ గేటు. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున్న ఆరు దాకా వెయ్యరు, తియ్యరు. లోపలున్నది అమ్రాబాద్ పులుల అభయారణ్యం. నల్లమలలో అరవై చిల్లర కిలోమీటర్లు పోయాక దోమలపెంట, ఈగలపెంట (ఈ పేర్లు పెట్టినవాడికి దండం పెట్టాలి), ఆ తర్వాత ఉన్నట్టుండి నేల మాయమై కింద కృష్ణ కనపడుతుంది. రోడ్డు మెలికలు తిరుగుతూ నది దాకా దిగి, వంతెన దాటి, మళ్ళీ అవతలి గోడ ఎక్కుతుంది. ఎదురుగా ఆనకట్ట. హైదరాబాదు నుంచి పొద్దున బయల్దేరి మధ్యాహ్నం భోజనానికి చేరగలిగిన దూరంలో ఇంత గండి ఉండి, మనవాళ్ళు పోస్టర్లు మాత్రం ఇంకో రాష్ట్రం ఘాట్లవి అంటించుకుంటారు.

ఇప్పుడు ఆ అడవి మీదుగా ఎలివేటెడ్ కారిడార్ కట్టాలనే ప్రతిపాదన ఉంది. జంతువులు కింద నుంచి పోతాయి, బళ్ళు పైనుంచి పోతాయి, రాత్రి గేటు బాధ ఉండదు అని వాదన. కొట్టిపారేసే వాదన కాదది. బండి కింద పడి జింక చావడం నాకూ ఇష్టం లేదు. రాత్రి గేటు పడ్డాక అటువైపు ఎవరికైనా గుండెనొప్పి వస్తే ఎలా అనే ప్రశ్న కూడా న్యాయమైందే. కానీ ఇంజనీరుగా నాకు వచ్చే అనుమానాలు నాకున్నాయి. అన్ని కిలోమీటర్ల స్తంభాలు అడవి నడిబొడ్డున పాతడానికి ఎన్నేళ్ళు క్రేన్లు తిరగాలి? గేటు లేకపోతే రాత్రంతా లారీలు తిరుగుతాయి కదా, ఆ చప్పుడూ వెలుతురూ ఎక్కడికి పోతాయి? ఇంకా స్వార్థంగా అడగాలంటే, దాని మీదకి బైకుని రానిస్తారా? 2023 ఆగస్టు నుంచి బెంగుళూరు-మైసూరు ఎక్స్‌ప్రెస్‌వే మెయిన్ రోడ్డు మీద టూ వీలర్లు బంద్. భద్రత కోసమేనట, ఒప్పుకుందాం. కొత్తగా వచ్చే ప్రతి మంచి రోడ్డూ ముందు చేసే పని మాత్రం రెండు చక్రాల వాణ్ణి దింపేయడం. మేం సరదాకి తిరిగేవాళ్ళం, దిగిపోతాం. పాలక్యాన్లు కట్టుకుని పోయేవాడికీ పెళ్ళాం బిడ్డల్ని ఎక్కించుకుని అత్తారింటికి పోయేవాడికీ బైకే కారు.

గండి సంగతి ఇలా ఉంటే, సముద్రం సంగతి ఇంకోలా ఉంది. ఆంధ్రాకి 974 కిలోమీటర్ల తీరం ఉందని స్కూల్లో బట్టీ పట్టాం. ఈ మధ్య కొత్తగా కొలిస్తే వెయ్యి దాటింది. మరి సముద్రాన్ని చూస్తూ బండి నడిపే రోడ్డు ఎంత ఉంది? చెన్నై-కలకత్తా హైవే మీద ఒంగోలు, విజయవాడ, ఏలూరు, రాజమండ్రి అని పోతూ ఉంటే సముద్రం ఉన్న రాష్ట్రంలో ఉన్నామనే అనిపించదు. దానికి కారణం ఉంది. కృష్ణా గోదావరి డెల్టాల్లో నేల పల్లం, నదులు పాయలు పాయలుగా చీలిపోతాయి, ఒక్కో పాయకీ ఒక్కో వంతెన కావాలి. పైగా తుఫాను. 1977 నవంబరులో దివిసీమని ఉప్పెన ముంచేసినప్పుడు వేలమంది పోయారు. అలాంటి చోట పెద్దలు రోడ్డుని లోపలికి వేశారంటే తెలివి తక్కువై కాదు. తీరం వెంబడి పోవడానికి వాళ్ళు కాలవలు తవ్వుకున్నారు, బకింగ్‌హాం కాలవ అందుకే కదా. కత్తిపూడి నుంచి ఒంగోలు దాకా అమలాపురం, మచిలీపట్నం, చీరాల మీదుగా పోయే 216వ నంబరు హైవే పేరుకి తీరం వెంబడే, కానీ కనపడేవి కొబ్బరితోటలూ చేపల చెరువులూ. అవీ అందమే, కాదనను.

సముద్రానికి ఆనుకుని రోడ్డు వేస్తే ఏమవుతుందో చూడాలంటే కాకినాడ నుంచి ఉప్పాడ వెళ్ళండి. కుడివైపు అల, ఎడమవైపు జామ్‌దానీ చీరలు నేసే ఊళ్ళు. గట్టి తుఫాను వచ్చిందంటే ఆ రోడ్డుని సముద్రం కొరికేస్తుంది. వీళ్ళు బండరాళ్ళు వేస్తారు, అది లాక్కుపోతుంది. నిరుడు వెళ్ళిన రోడ్డు ఈ ఏడు ఉంటుందన్న భరోసా లేదు.

మరి విశాఖ నుంచి భీమిలి రోడ్డుకి ఆ గతి ఎందుకు పట్టలేదంటే, అక్కడ తూర్పు కనుమలు సముద్రం దాకా వచ్చి ఆగాయి. కింద గట్టి నేల, కొండవాలు మీద రోడ్డు. అయినా 2014లో హుద్‌హుద్ దాన్ని కూడా వదల్లేదనుకోండి. కైలాసగిరి, రుషికొండ, తొట్లకొండ మీద బౌద్ధారామం, చివర గోస్తని సముద్రంలో కలిసే భీమిలి. పాతిక ముప్ఫై కిలోమీటర్లే. భీమిలి ఇంకా కొంచెం దూరం ఉందనగా ఎర్రమట్టి దిబ్బలు. సముద్రం వెనక్కి పోయి ముందుకి వచ్చి వేల ఏళ్ళలో పేర్చిన ఇసుకని వానలు కోసి చేసిన చిన్న చిన్న గండ్లు అవి. ఇటు సముద్రం, అటు గండి, మధ్యలో మనం! 2025 సెప్టెంబరులో యునెస్కో తాత్కాలిక జాబితాలో కూడా వీటిని చేర్చారు. ఆ పక్కనుంచి పోయే రోడ్డునే భోగాపురం విమానాశ్రయం దాకా ఆరు లేన్లు చెయ్యాలన్న మాట ఎన్నాళ్ళుగానో వినపడుతోంది.

ఇక్కడ కాలిఫోర్నియా సంగతి చెప్పాలి. అమెరికా స్టాంపు వద్దన్నవాడివి ఇదేంటని అడక్కండి, ఇది పోలిక కాదు, చట్టం. బే ఏరియాలో ఉన్న మనవాళ్ళు ఇండియా నుంచి అమ్మానాన్నలు రాగానే కారులో ఎక్కించుకుని తీసుకెళ్ళేది హైవే వన్ మీదకి. బిగ్ సర్ దగ్గర కొండ అంచున సముద్రం పక్కన పోయే ఆ రోడ్డు 1937లో తెరిచారు, జైలు ఖైదీల చేత కూడా పని చేయించారు. ఆ తర్వాత అక్కడ కార్లు ఎన్ని రెట్లు పెరిగాయో ఊహించుకోండి. అయినా అది ఈరోజుకీ రెండు లేన్లే. డబ్బుల్లేకనా? 1976లో వాళ్ళ తీర చట్టంలోనే రాసుకున్నారు, పల్లె ప్రాంతాల్లో తీరం వెంట ఈ రోడ్డు రెండు లేన్ల అందమైన రోడ్డుగానే ఉండాలని. తొందరున్నవాడికి లోపల వేరే ఫ్రీవే ఉంది. 2017లో కొండచరియ విరిగి పడితే ఏడాదికి పైగా మూసేసి, బాగుచేసి, మళ్ళీ రెండు లేన్లే తెరిచారు.

మన దగ్గర అలాంటి చట్టం లేదు. మన రోడ్లకి ఒకటే కొలత, ఎంత సేపట్లో చేరతాం అని. మా భాషలో చెప్పాలంటే ఒకే వేరియబుల్‌ని ఆప్టిమైజ్ చేసే ప్రోగ్రాం. అది నేషనల్ హైవేకి సరిపోతుంది. అంగుళం అంగుళం దానికే అప్పజెప్పనక్కర్లేదు. విమానాశ్రయానికి పోయేవాడికి ఊరి లోపల నుంచి హైవే ఉంది, దాన్ని ఎంతైనా పెంచుకోండి. భీమిలి రోడ్డు మీద బరువు లారీలు ఆపి, ప్రతి మూడు నాలుగు కిలోమీటర్లకి బండి పక్కకి తీసి నిలబడే చోటు, శుభ్రమైన ఒక మరుగుదొడ్డి, ప్రమాదం ఉన్నచోట కటకటాలు పెడితే ఆరు లేన్ల ఖర్చులో ఎన్నో వంతు అవుతుంది? జాలరిపేటల వాళ్ళకి కావలసింది వేళకి వచ్చే బస్సు గానీ, దాటడానికి నాలుగు నిమిషాలు నిలబడాల్సిన రోడ్డు కాదు.

మా బైకు వాళ్ళు కూడా తక్కువ తినలేదు. సైలెన్సర్ పీకేసి నల్లమలలో డబడబమంటూ పోవడం, కోతులకి బిస్కెట్లు వేసి ప్యాకెట్ అక్కడే పారెయ్యడం, గండికోట అంచున ఒంటికాలి మీద నిలబడి ఫోటోలు. ఇలాంటివాళ్ళని గేటు దగ్గరే బండి తాళాలు తీసుకుని వెనక్కి పంపేసినా నాకు అభ్యంతరం లేదు.

వెళ్ళేవాళ్ళకి ఒక్క మాట. శ్రీశైలం డ్యాం గేట్లు ఎత్తారని టీవీలో చూసి మర్నాడే బయల్దేరకండి. ఆ రోజుల్లో ఘాట్ మీద కార్ల వరుస ఎంత దూరం ఉంటుందంటే బైకు దూరే సందు కూడా దొరకదు. వానలు తగ్గాక, ఏ మామూలు బుధవారమో సెలవు పెట్టి, ఆరింటికల్లా మన్ననూరు గేటు దగ్గర ఉండండి.