బీపీ పడిపోయి... లేవనంటే!

నాట్ల కాలమొస్తే వీర్నపల్లి పొలాల్లో పొద్దున బురదలో దిగినవాళ్లు సాయంత్రానికే ఒడ్డెక్కేది. కాలికి ముల్లు గుచ్చుకున్నా, గాజుపెంకు గీరుకున్నా ‘అదే మానుతుందిలే’ అనుకుంటారు. చాలాసార్లు మానుతుంది కూడా. కానీ ఒక్కోసారి, ముఖ్యంగా షుగరున్నవాళ్లలో, ఆ చిన్న గాయమే ప్రాణానికి ఎసరు పెడుతుంది. కాలు వాస్తుంది. చలిజ్వరం, ఆయాసం, మగత... ఆసుపత్రికి చేరేసరికి బీపీ పడిపోయి ఉంటుంది.

ఎందుకిలా? ఇన్‌ఫెక్షన్‌పై శరీరం చేసే యుద్ధం అదుపు తప్పితే రక్తనాళాలు వదులైపోతాయి. వాటిలోంచి నీరు బయటికి ఊరిపోతుంది. పైపు వెడల్పై, నీళ్లు తగ్గితే ఇక ఒత్తిడి ఎక్కడుంటుంది? మెదడుకూ కిడ్నీలకూ రక్తం సరిగా అందదు. డాక్టర్లు వెంటనే యాంటీబయాటిక్స్ ఇచ్చి, సెలైన్ పెడతారు. అయినా బీపీ నిలవని ప్రమాదకర స్థితే సెప్టిక్ షాక్. అప్పుడు నాళాలను బిగించే నార్‌అడ్రినలిన్ మందు ఎక్కిస్తారు. చాలామందిలో బీపీ నిలబడుతుంది. కొందరిలో మాత్రం మోతాదు పెంచుతున్నా లేవదు!

టోపీల్లాంటి గ్రంథులు

దీనికి చాలా కారణాలుండొచ్చు. ఒకటి మాత్రం కిడ్నీల మీద టోపీల్లా కూచున్న అడ్రినల్ గ్రంథుల్లో ఉంది. ఒక్కోటి నాలుగైదు గ్రాములే. కానీ వాటి నుంచి వచ్చే కార్టిసాల్ లేకపోతే మందు పిలుస్తున్నా రక్తనాళాలు పలకవు. జబ్బు ముదిరినప్పుడు శరీరానికి కార్టిసాల్ మామూలుకంటే ఎన్నో రెట్లు కావాలి. కొందరిలో గ్రంథులు అంత అందించలేవు.

మరి స్టెరాయిడ్ ఇచ్చేస్తే సరిపోతుందా? 2002లో ఫ్రాన్స్ వైద్యులు 300 మందిపై చేసిన పరిశోధనలో, కార్టిసాల్ లోటున్న రోగులకు మేలు జరిగింది. 2008లో యూరప్‌లో 499 మందిపై చేసిన మరో పరిశోధనలో షాక్ త్వరగా తగ్గింది గానీ మరణాలు తగ్గలేదు. 2018లో రెండు పెద్ద పరిశోధనలు వచ్చాయి. ఒకదాంట్లో మరణాలు తగ్గాయి, రెండోదాంట్లో తగ్గలేదు. రెండింటిలోనూ బీపీ మాత్రం త్వరగా కుదుటపడింది. అందుకే 2021 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు, బీపీ మందు ఇంకా ఎక్కువగా అవసరమవుతున్నవారికి రోజుకు 200 మిల్లీగ్రాముల హైడ్రోకార్టిసోన్ ఇవ్వమన్నాయి. ఇది ఆసరా మాత్రమే. అసలు వైద్యం ఇన్‌ఫెక్షన్‌ను అణచడమే.

ఆ గోలీ ఏమిటి?

ఇక మన ఇళ్ల సంగతి. సిరిసిల్లలో మరమగ్గాల దగ్గర గంటలకొద్దీ నిలబడేవాళ్లకు, కోరుట్ల, జగిత్యాలల్లో బీడీలు చుట్టే ఆడవాళ్లకు నడుములు, మోకాళ్లు పట్టేయడం మామూలే. ఎవరో ఇచ్చిన గోలీతోనో, సూదితోనో నొప్పి చిటికెలో మాయమైతే సంతోషించే ముందు అదేమిటో అడగండి. స్టెరాయిడ్ కావచ్చు. రోజుల తరబడి వాడితే ‘సరుకు బయటి నుంచి వస్తోంది కదా’ అని మెదడు ఆర్డరు ఆపేస్తుంది. పని లేని అడ్రినల్ గ్రంథులు కుంచించుకుపోతాయి. మందు మానేశాక మళ్లీ కోలుకోవడానికి నెలలు పట్టొచ్చు. ఈలోగా తీవ్రమైన ఇన్‌ఫెక్షన్ వస్తే..? పైగా స్టెరాయిడ్ జ్వరాన్నీ కప్పిపెడుతుంది.

ఈ ప్రమాదం కొత్తగా తెలిసింది కాదు. కీళ్లవాతానికి నెలల తరబడి కార్టిసోన్ వాడిన ఒక యువకుడు తుంటి ఆపరేషన్ తర్వాత షాక్‌తో చనిపోయినట్టు 1952లోనే అమెరికా వైద్య పత్రికలో వచ్చింది.

అలాగని స్టెరాయిడ్లు శత్రువులేం కాదు. డాక్టరు చెప్పినట్టు వాడితే ఎన్నో జబ్బుల్లో ప్రాణాలు నిలబెడతాయి. చిక్కంతా తెలియకుండా వాడడంతోనూ, ఉన్నట్టుండి మానేయడంతోనూ!

ఇవి మరవొద్దు

* స్టెరాయిడ్ గోలీలు వారాల తరబడి వాడుతుంటే సొంతంగా ఆపొద్దు. డాక్టరు చెప్పినట్టు కొద్దికొద్దిగా తగ్గించాలి.

* మందు పేరు, మోతాదు రాసిన చీటీ జేబులోనో, కొంగుముడిలోనో ఉండాలి. ఏ ఆసుపత్రికెళ్లినా ముందు అదే చూపించాలి.

* స్టెరాయిడ్లు వాడేవారికి వాంతులై గోలీ ఇమడకపోతే ఇంట్లో ఉండొద్దు. ఇంజెక్షన్ అవసరం కావచ్చు.

* ఇన్‌ఫెక్షన్‌తో పాటు ఆయాసం, తికమక మాటలు, మూత్రం తగ్గడం, చేతులు చల్లబడడం కనిపిస్తే వెంటనే 108కి ఫోన్ చేయండి. వీర్నపల్లి నుంచి సిరిసిల్లకో, అక్కణ్నుంచి కరీంనగర్‌కో చేరడానికి సమయం పడుతుంది. ‘తెల్లారాక చూద్దాం’ అనుకునే జబ్బు కాదిది.