కట్టు కట్టిన చేతికి లెక్కేది?

ఆటలో డబ్బు ఎవరికి దక్కుతుందన్నది కూడా స్త్రీవాదులు పట్టించుకోవాలా అని ఒక మిత్రుడు నవ్వాడు. పట్టించుకోవాలి. కారణం చెప్తాను.

మా అమ్మాయి, దాని నలుగురు స్నేహితులు ఆదివారాలు మా హాల్లో 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' ఆడతారు. ఒకరు కథ నడిపిస్తారు. మిగిలినవాళ్ళు తలా ఒక పాత్ర అయి మాట్లాడతారు, పాచికలు వేస్తారు. ఆ పాత్రలు డబ్బు సంపాదిస్తాయి, పాయింట్లు కూడబెట్టుకుని పైస్థాయికి ఎదుగుతాయి. మొన్న కథలో గాబ్లిన్లనే పొట్టి రాక్షసులు ఒక ఊరిమీద పడ్డాయి. ముగ్గురు మగపిల్లలు వెంటపడి మూడింటిని చంపారు. వైద్యం తెలిసిన పాత్ర వేస్తున్న మా అమ్మాయి ఊళ్ళోనే ఉండిపోయి రెండు రోజులు గాయపడ్డవాళ్ళకి కట్లు కట్టింది. పది బంగారు నాణేలు సొంత సొమ్ము పెట్టి రెండు వైద్యపు సంచులు కొంది. చివర్లో లెక్క తేల్చారు. చచ్చిన గాబ్లిన్ ఒక్కింటికి 50 పాయింట్లు, మగపిల్లలకి తలా 50. దీనికి సున్నా. పైగా చేతి చమురు.

"నువ్వు రిస్కేం తీసుకోలేదుగా" అన్నాడు కథ నడిపే అబ్బాయి.

ఆ పిల్లవాణ్ణి అనను. పుస్తకంలో ఉన్నదే చెప్పాడు. 2014లో వచ్చిన అయిదో కూర్పు ప్రకారం, యుద్ధం కాని పనికి పాయింట్లివ్వడం ఆట నడిపేవారి ఇష్టం. ఇచ్చేట్టయితే ఆ పనిని యుద్ధంతో పోల్చి, యుద్ధం కొలతతోనే ఇవ్వాలి. అదీ విఫలమయ్యే ప్రమాదం నిజంగా ఉంటేనే. నా పేచీ అంతా ఈ చివరి షరతుతోనే. వంట, రాత్రి కాపలా, రోగి పక్కన కూర్చోవడం విఫలం కావు. కానివ్వరు కనుక కావు! రోజూ తప్పకుండా జరుగుతుందని అందరూ నిశ్చింతగా ఉండే పనిని, ఆ నిశ్చింతనే సాకుగా చూపి లెక్కలోంచి తీసేశారు.

1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్‌ల పేర్లతో ఈ ఆట అచ్చయినప్పుడు నేలమాళిగలోంచి మోసుకొచ్చిన ఒక్కో బంగారు నాణెం ఒక్కో అనుభవ పాయింటు. 1978 నాటి పుస్తకం స్త్రీ పాత్రల బలానికి పురుష పాత్రల కన్నా తక్కువ పరిమితి పెట్టింది. 1989లో రెండో కూర్పు ఆ పరిమితిని తీసేసింది. సొమ్ముకి పాయింట్లివ్వడమూ ఐచ్ఛికమైంది. చంపితే ఇవ్వడం మాత్రం నిలిచింది. కంటికి కనిపించే అవమానాన్ని చెరిపేశారు, ఖాతాపుస్తకాన్ని ఉంచుకున్నారు.

ఆ ఖాతాలోనే కూలీల సంగతీ ఉంది. 2014 పుస్తకంలో నైపుణ్యం లేని కూలికి రోజుకి రెండు వెండి నాణేలు. పేదగా బతకడానికి రోజు ఖర్చూ రెండు వెండి నాణేలే. గాయం మాన్పే మందు సీసా 50 బంగారు నాణేలు, అంటే ఆ కూలికి తిండీ గూడూ మానుకుంటే 250 రోజుల సంపాదన.

"ఉత్త ఆటే కదా" అంటారు. ఆట కనుకే కోపం. అగ్గి కక్కే డ్రాగన్‌ని ఊహించగలిగినవాళ్ళు సేవ చేసిన చేతికి విలువ కట్టడం మాత్రం ఊహించలేకపోయారు. బయట చూసిన లెక్కనే లోపలికి తెచ్చుకున్నారు. మన జనాభా లెక్కలూ ఇంటిపని చేసే స్త్రీలను పనిచేయనివాళ్ళ కింద, భిక్షగాళ్ళ, ఖైదీల సరసన వేశాయి. రోడ్డు ప్రమాదంలో చనిపోయిన ఒక గృహిణి నష్టపరిహారం కేసులో 2010లో సుప్రీంకోర్టే దాన్ని తప్పుపట్టింది. కొందరు పాయింట్లు వదిలేసి, కథ ఒక మజిలీ చేరగానే అందరినీ ఒకేసారి పైకి పంపుతారు. అది నయమే. కానీ ఆ మజిలీ రాక్షసుడి చావైతే ఏం మారినట్టు?

మా అమ్మాయి ఊరుకోలేదు. ధరల పట్టిక తీసింది. నైపుణ్యమున్న మనిషిని పనికి పెట్టుకుంటే రోజుకి రెండు బంగారు నాణేలు ఇవ్వాలని అందులోనే ఉంది. "బయటిదాన్ని పిలిస్తే కూలి ఇచ్చేవాళ్ళేగా, మీలో దాన్ని కనక ఊరికే చెయ్యాలా?" అని అడిగింది. రెండు రోజుల పనికి నాలుగు, సంచులకి పది, మొత్తం పద్నాలుగని కాగితం రాసి బల్లమీద పెట్టింది. ఎవరిచ్చుకోవాలో తేలక వచ్చే ఆదివారానికి వాయిదా వేశారు. మధ్యలో నేను మూడుసార్లు టీ పెట్టాను.